28 డాలర్ల జంతికల గొట్టం: పొటాటో రైసర్ కొన్నాక తెలిసిన సంగతులు

పోయిన థ్యాంక్స్‌గివింగ్ పండగకి ముందు వారం ఆన్‌లైన్‌లో 28 డాలర్లు పెట్టి స్టీలు పొటాటో రైసర్, అంటే ఉడికిన దుంపల్ని చిల్లుల్లోంచి నొక్కి గుజ్జు చేసే పనిముట్టు, ఒకటి తెప్పించాను. బ్రాండు పేరు చెప్పను, కింద రెండు మూడు ఫిర్యాదులున్నాయి, పైగా ఆ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టే ఉంటాయి. డబ్బా విప్పగానే మా అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది జంతికల గొట్టమే కదరా, దీనికి రెండు వేల పైన పోశావా?" అంది. ఆవిడ తెనాలి నుంచి ఆర్నెల్లు ఉండి వెళ్దామని అమెరికాలో మేముండే ఫ్రిస్కో వచ్చింది, సూట్‌కేసులో పచ్చళ్లూ పొడులతో పాటు తన ఇత్తడి జంతికల గొట్టం కూడా పెట్టుకుని. అలా ఈ రివ్యూకి పోటీదారు ఇంట్లోనే దొరికింది.

ముందు అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి. అంతకు ముందు ఏడాది నాలుగు కుటుంబాలు మా ఇంటికి భోజనానికి వస్తుంటే, మాష్డ్ పొటాటో, అంటే పాలూ వెన్నా కలిపిన మెత్తటి దుంపల గుజ్జు, నేను చేస్తానని ఊరికే ఉండక ఒప్పుకున్నాను. దుంపలు ఉడకబెట్టి, పాలు పోసి, పని తొందరగా అయిపోతుందని మిక్సీలో తిప్పాను. ఒక్క నిమిషం కూడా తిప్పలేదు. మూత తీస్తే లోపల ఉన్నది గోడల మీద సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు. గరిటె పైకెత్తితే తాడులా సాగుతోంది! పిల్లలు దాన్ని ఫోర్కుతో సాగదీసి ఆడుకున్నారు, పెద్దవాళ్లు మర్యాదకి ఒక చెంచా వడ్డించుకుని పక్కకి నెట్టారు. మా ఆవిడ ఆ గిన్నె కడగడానికి పడ్డ పాట్లు ఇప్పటికీ ఎవరొచ్చినా చెబుతుంది.

జరిగిందేమిటంటే, ఉడికిన దుంపలో పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బి, చిన్న చిన్న కణాల్లో సంచుల్లో కట్టినట్టు ఉంటుంది. గుత్తితో మెదిపినా, చిల్లుల్లోంచి నొక్కినా ఆ సంచులు చాలావరకు చిరక్కుండా ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. మిక్సీ బ్లేడు మాత్రం వాటిని కోసేస్తుంది, లోపలి జిగురంతా బయటపడుతుంది. ఆ తర్వాత ఎంత వెన్న వేసినా లాభం లేదు. రైసర్ కొనడానికి కారణం ఇదొక్కటే. రుచి సంగతి వెన్న చూసుకుంటుంది, జిగురు రాకుండా చూడటం దీని పని.

పని చేసే తీరు వెల్లుల్లి ప్రెస్ లాంటిదే, సైజే పెద్దది. గిన్నెలో ముక్క పెట్టి రెండు పిడులూ కలిపి నొక్కితే కిందికి సన్న సేమ్యాలా రాలుతుంది. నాకు బాగా నచ్చింది తొక్క సంగతి. దుంపని తొక్కతోనే ఉడకబెట్టి, రెండు చెక్కలుగా కోసి, కోసిన వైపు కిందికి వచ్చేలా పెట్టి నొక్కండి, గుజ్జంతా దిగిపోతుంది, తొక్క పలచగా అప్పడంలా లోపల మిగిలిపోతుంది. వేళ్లు కాల్చుకుంటూ తొక్కలు వలిచే బాధ లేదు. కాకపోతే ప్రతి నొక్కుకీ ఆ తొక్క తీసి పారేయాలి, లేకపోతే మూడోసారికి చిల్లులు మూసుకుపోయి గుజ్జు పైకి తన్నుకొస్తుంది. నాకు రెండుసార్లు చొక్కా మీద పడింది.

ఇక ఫిర్యాదులు. అమ్మకం పేజీలో పెద్ద దుంప ఒకటి పూర్తిగా పట్టేస్తున్నట్టు ఫొటో పెట్టారు. అబద్ధం. మధ్యరకం దుంపలో సగమే హాయిగా పడుతుంది, అయిదు పౌన్ల సంచి, అంటే రెండుంపావు కిలోలు అయ్యేసరికి ముప్పైసార్లకి పైగానే నొక్కాను. చిల్లులు అడుగునే కాదు, పక్కల కూడా ఉన్నాయి, అందుకని వెడల్పాటి గిన్నె లేకపోతే స్టవ్ గట్టంతా దుంప సేమ్యా. అన్నిటికన్నా చిరాకు పుట్టించింది పిడి మీది రబ్బరు తొడుగు, చేయి కాస్త తడిగా ఉంటే చాలు జారి ఊడొస్తుంది. అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే పది రోజులకి "గట్టిగా వెనక్కి తోయండి" అని జవాబొచ్చింది. తోశాను. మళ్లీ ఊడింది.

ఇప్పుడు పోటీ. అమ్మ పట్టుబట్టి ఒక కిలో దుంపలు తన గొట్టంలో కారప్పూస బిళ్ల వేసి నొక్కింది. నిజం ఒప్పుకోవాలి, అది రైసర్ కన్నా నున్నగా వచ్చింది, ఒక్క ఉండ లేదు. కానీ దుంపలు వేడిగా ఉండగానే నొక్కాలి, వేడి వేడి దుంప పడేసరికి ఇత్తడి గొట్టం చురుక్కుమని కాలిపోయింది, ఆవిడ పమిట చెంగు చుట్టి పట్టుకుని నాలుగు వాయిలు లాగించి, "ఇక నీ పిడుల గొట్టమే నయంలే" అని పక్కన పెట్టేసింది. తొక్కతో వేస్తే ఆ సన్న చిల్లులు క్షణంలో పూడుకుపోతాయి, కాబట్టి ముందే వలవాలి. ఇద్దరు ముగ్గురికి చేసుకునేవాళ్లు, ఇంట్లో మరతిప్పే జంతికల గొట్టం ఉన్నవాళ్లు డబ్బు తగలేయకండి, బట్ట చుట్టి దాంతోనే కానివ్వండి. పప్పు గుత్తితో కూడా అవుతుంది, కాస్త పలుకులు తగులుతాయి, రోజువారీ కూటికి అదేం తప్పు కాదు. పది పన్నెండు మందికి చేయాల్సొస్తేనే రైసర్ గిట్టుబాటు.

దుంప ఏదన్నది కూడా ముఖ్యమే. ఇక్కడ చాలామంది రసెట్ వాడతారు, అది పొడిపొడిగా ఉడికి తేలికైన గుజ్జు ఇస్తుంది. నేను యూకాన్ గోల్డ్ తెచ్చాను. అమెరికాదనుకుంటారు కానీ అది కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, 1980లో విడుదలైంది. లోపల పసుపు, మరీ పొడి కాదు, మరీ జిగటా కాదు. వెన్న వేయకముందే వెన్న వేసినట్టు కనిపిస్తుంది, అతిథుల దగ్గర అదో లాభం.

చల్లటి నీళ్లలో దుంపలు వేసి, ఉప్పేసి, అప్పుడు స్టవ్ వెలిగించాలి. మరిగే నీళ్లలో వేస్తే పైన చితికిపోయి లోపల గట్టిగా ఉంటుంది. కత్తి గుచ్చితే అడ్డు లేకుండా దిగాక నీళ్లు వార్చేసి, ఖాళీ గిన్నెలో సన్న సెగ మీద రెండు నిమిషాలు తడి ఆవిరయ్యేదాకా ఉంచాలి. నొక్కిన వెంటనే ముందు వెన్న, ఆ తర్వాతే పాలు. నేను ఈ వరస తెలియక ఏళ్ల తరబడి తలకిందులుగా చేశాను. వేడి గుజ్జుకి ముందు కొవ్వు పడితే పిండికి పూతలా పట్టుకుంటుంది, తర్వాత పాలు పోసినా జిగురు తేలదు. పాలు పొగలు కక్కేంత వేడిగా ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే గుజ్జు చల్లారి గట్టిపడుతుంది. గరిటెతో కలపడం కూడా అన్నంలో నెయ్యి కలిపినంత సుతారంగానే, మరీ తిప్పితే మళ్లీ ఆ మైదా జిగురే.

వెన్న ఎంత? పారిస్‌లో జామెన్ అనే రెస్టారెంటు నడిపి ఈ వంటకంతో పెద్ద పేరు తెచ్చుకున్న ఫ్రెంచి షెఫ్ జోయెల్ రోబుషోన్ రాసిన లెక్కలో కిలో దుంపలకి పావుకిలో వెన్న. ఆ లెక్కన నా సంచికి అయిదు స్టిక్కుల వెన్న పట్టాలి. స్టిక్కు అంటే 113 గ్రాములు. మా అమ్మకి షుగర్, నాకు కొలెస్ట్రాల్, అందుకని మూడు స్టిక్కుల దగ్గర ఆగాను, ఒకటిన్నర కప్పు పాలు, అరకప్పు హెవీ క్రీమ్, అంటే కొవ్వెక్కువున్న చిక్కటి మీగడ. మూడే అని తక్కువగా చెబుతున్నా గానీ, ఆ గిన్నెలోకి వెన్న ముద్దలు జారుతుంటే అమ్మ నోట మాట రాలేదు. "ఇదేం కూర రా, సున్నుండలక్కూడా ఇంత నెయ్యి పట్టదు" అని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

వెల్లుల్లి పిచ్చి ఉన్నవాళ్లు పాలతో పాటు నాలుగు రెబ్బలు కాచి వడకట్టండి. మిరియాలు దంచి పైన చల్లితే చాలు.

అతిథులు మనవాళ్లే, ఒంటిగంటకి రమ్మంటే మూడింటికి వచ్చారు. ఆ రెండు గంటలూ టెన్షన్ పడకుండా ఉన్నానంటే స్లో కుక్కర్ పుణ్యమే. అడుగున వెన్న రాసి, గుజ్జు సర్ది, పైన పావుకప్పు వేడి పాలు పలచగా పోసి మూతపెట్టి వార్మ్‌లో, అంటే వేడి చల్లారకుండా ఉంచే సెట్టింగులో, ఉంచాను. వడ్డించేముందు ఆ పాలు లోపలికి కలిపేస్తే అప్పుడే చేసినట్టుంది, పైన పొర కట్టలేదు.

పుట్టగొడుగుల గ్రేవీ మా ఆవిడ చేసింది, మాంసం తినని అయిదుగురు దానితోనే కానిచ్చారు. గిన్నె ఖాళీ కాలేదు గానీ మూడొంతులు పోయింది, అంతకు ముందు ఏటి జిగురుతో పోలిస్తే అది గెలుపే. దెబ్బ కొట్టింది మా అబ్బాయి. ఎనిమిదేళ్లవాడు, వాడి కోసమే ఇంత చేశానని చెప్పుకుంటూ తిరిగాను. ఒక చెంచా తిని, "డాడీ, బాగుంది కానీ స్కూల్లో దానిలా లేదు" అన్నాడు. స్కూల్లో పెట్టేది చూస్తే పొడి డబ్బాకి నీళ్లు కలిపినట్టే ఉంటుంది. ఆ పొడి పెచ్చులు కూడా ఆషామాషీగా పుట్టలేదు, 1950లలో అమెరికా వ్యవసాయ శాఖ ఫిలడెల్ఫియా దగ్గరి ప్రయోగశాలలో వాటి మీద పనిచేసింది. మూడు స్టిక్కుల వెన్న దాని ముందు ఓడిపోయింది.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి ఫొటో చూసి, ఇక్కడ చేసుకోవచ్చా అని అడిగింది. చేసుకోవచ్చు. కొత్త ఆలుగడ్డ వద్దు, నీరెక్కువ, జిగటగా వస్తుంది, తొక్క గట్టిపడిన పాత గడ్డ చూసి తీసుకోమన్నాను. అమూల్ వెన్నలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి ఉడికే నీళ్లలో తప్ప విడిగా ఉప్పు వేయొద్దు. అక్కడ హెవీ క్రీమ్ దొరక్కపోతే అమూల్ ఫ్రెష్ క్రీమ్ 25 శాతం కొవ్వుది వేసి, పాలు కాస్త తగ్గించుకుంటే సరి.

కడగడం గురించి ఒక్క మాట. పని అవగానే నీళ్ల కింద పెట్టేయండి. ఎండితే గంజి పెట్టిన చొక్కాలా బిగుసుకుంటుంది, చిల్లుల్లోంచి టూత్‌పిక్‌తో తీసుకుంటూ కూర్చోవాలి. డిష్‌వాషర్‌లో వేయొచ్చని రాశారు, వేశాను, పిడుల మధ్య మేకు దగ్గర ఇరుక్కున్నది అలాగే ఉంది.

అయిదుకి మూడున్నర ఇస్తాను. రబ్బరు తొడుగు సరిగా ఉంటే నాలుగు. మిగిలిన మాష్‌తో మర్నాడు బోండాలు వేయబోతే, ఆ వెన్నకి నూనెలో విచ్చుకుపోయి కలకలమని నురగ తేలింది, దాని తప్పు రైసర్ మీద వేయను. ఆ మర్నాడు అమ్మ మాత్రం బియ్యప్పిండి, వాము కలిపి, రైసర్‌తో జంతికలు వస్తాయేమో చూద్దామని నేను ఆఫీసు కాల్‌లో ఉండగా మూకుడు పెట్టేసింది. పిండి పక్క చిల్లుల్లోంచి నాలుగు వైపులా కారి, సగం నూనెలో, సగం స్టవ్ మీద పడింది. జంతికలకి పనికిరాదు. ఆ సాయంత్రమే ఇత్తడి గొట్టం మళ్లీ బయటికొచ్చింది.