హార్వెస్ట్, ప్రోమిథియస్, గ్రఫానా: నెట్‌యాప్ స్టోరేజీకి ఎంతవరకు పనికొస్తాయి?

ఆఫీసులో ఏ అప్లికేషన్ నెమ్మదించినా అందరూ వేలెత్తి చూపేది స్టోరేజీనే. డేటాబేస్ వాళ్లూ చూపుతారు, వర్చువల్ మెషీన్ల వాళ్లూ చూపుతారు. నెట్‌వర్క్ వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నెట్‌యాప్ కంపెనీ స్టోరేజీ క్లస్టర్లు (కలిసి పనిచేసే పరికరాల గుంపులు) చూసుకునే ఉద్యోగంలో కొన్నేళ్లుగా నా తరఫున సాక్ష్యం చెబుతున్నవి హార్వెస్ట్, ప్రోమిథియస్, గ్రఫానా. మూడూ ఉచితంగా దొరికేవే. అబద్ధం చెప్పవు గానీ, కొన్ని విషయాల్లో అడిగితే తప్ప నోరు విప్పవు.

పని పంపకం సులువు. నెట్‌యాప్ స్టోరేజీని నడిపే సాఫ్ట్‌వేర్ ఆన్‌ట్యాప్ తనలో తాను లెక్కపెట్టుకునే అంకెలను హార్వెస్ట్ అడిగి తీసుకుంటుంది, ప్రోమిథియస్ భద్రపరుస్తుంది, గ్రఫానా గీతలుగా చూపుతుంది. హార్వెస్ట్ తొలి రూపం పెర్ల్‌లో ఉండేది. గ్రాఫైట్ అనే అంకెలు దాచే సాఫ్ట్‌వేర్‌కు పంపేది. ఇప్పుడున్నది గో భాషలో తిరగరాసి 2021లో గిట్‌హబ్‌లో పెట్టినది. ఒక్కో క్లస్టర్‌కు ఒక్కో పోలర్ (అంకెలు అడిగి తెచ్చే ప్రోగ్రామ్) నడుస్తుంది కాబట్టి ఒకటి పడిపోయినా మిగిలినవి ఆగవు. డాష్‌బోర్డులు సిద్ధంగానే వస్తాయి. ఒక పూటలో తెర నిండా గీతలు కనిపిస్తాయి. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు.

అసలు పని అక్కడే మొదలవుతుంది. ప్రోమిథియస్, మనం మార్చకపోతే, 15 రోజులు దాటిన డేటాను తుడిచేస్తుంది. నెలాఖరు లెక్కలు నడిచే సంస్థలో ఈ చరిత్ర దేనికీ చాలదు. పోయిన నెలాఖరున ఇదే వాల్యూమ్ (స్టోరేజీలో విడగొట్టి ఇచ్చిన భాగం) ఎలా నడిచిందో చూపలేకపోతే వాదనే లేదు. నేను ఏడాదికి పెంచి ఉంచుతాను. ఆ డేటాను మాత్రం మీరు గమనిస్తున్న స్టోరేజీలోనే పెట్టకండి. అది కూలిన రోజు చూసుకోవడానికి గ్రాఫు కూడా మిగలదు.

ఇక లేటెన్సీ, అంటే ఒక్కో అభ్యర్థనకు జవాబు రావడానికి పట్టే సమయం. హార్వెస్ట్ పనితీరు అంకెలను మామూలుగా నిమిషానికోసారి తీసుకుంటుంది. ఆ నిమిషంలో 5 సెకన్లు ఒక్కో అభ్యర్థనకు 50 మిల్లీసెకన్లు పట్టి, మిగిలిన 55 సెకన్లు ఒక్కో మిల్లీసెకనే పట్టిందనుకోండి. అభ్యర్థనలు ఒకే వేగంతో వస్తే సగటు 5 మిల్లీసెకన్లు. గ్రాఫు ప్రశాంతంగా ఉంటుంది. అప్లికేషన్ వాళ్లు మాత్రం ‘ఆగిపోయింది’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నెట్‌యాప్ వారి సొంత గమనింపు సాధనం యాక్టివ్ ఐక్యూ యూనిఫైడ్ మేనేజర్ 5 నిమిషాలకోసారి తీసుకుంటుంది కాబట్టి అక్కడ ఈ ఎత్తుపల్లాలు ఇంకా చదునవుతాయి. ఇంకో సంగతి: అభ్యర్థనలు మరీ తక్కువగా ఉన్న వాల్యూములకు హార్వెస్ట్ లేటెన్సీని లెక్కలోకే తీసుకోదు. మామూలు హద్దు 10. ఒకటి రెండు అభ్యర్థనల ఆలస్యాన్ని చూసి కంగారుపడకుండా ఇది మంచి ఏర్పాటే. అయితే ‘గీత ఎందుకు తెగిపోయింది?’ అని అడిగేవారికి జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.

అందుకే గొడవ నడుస్తున్న సమయంలో నేను గ్రఫానాను పక్కకు నెట్టి ఆన్‌ట్యాప్ కమాండ్ లైన్‌కు వెళ్తాను. ‘క్యూఓఎస్ స్టాటిస్టిక్స్ వాల్యూమ్ లేటెన్సీ షో’ కమాండ్ ఇస్తే మొత్తం ఆలస్యం నెట్‌వర్క్, క్లస్టర్, డేటా, డిస్క్, క్యూఓఎస్ (మనం పెట్టిన వేగ పరిమితుల వల్ల వచ్చే ఆలస్యం) గళ్లలోకి విడిపోయి కనిపిస్తుంది. ఒకసారి ఒక వాల్యూమ్‌లో లేటెన్సీ 20 మిల్లీసెకన్లు దాటింది. అన్నీ ఫ్లాష్ డిస్కులే, కంట్రోలర్ (స్టోరేజీని నడిపే కంప్యూటర్) సగం ఖాళీ. డిస్క్ గడిలో అర మిల్లీసెకను కూడా లేదు. దాదాపు అంతా క్యూఓఎస్ మ్యాక్స్ గడిలో ఉంది. పరీక్షల రోజుల్లో ఎవరో పెట్టిన ఐఓపీఎస్ (సెకనుకు ఇన్ని అభ్యర్థనలే అనే) పరిమితి, వాల్యూమ్ అసలు వాడకంలోకి వచ్చాక కూడా అలాగే ఉండిపోయింది. పరిమితి పెంచగానే గీత కిందికి దిగింది. ఈ గళ్ల లెక్కలను హార్వెస్ట్ కూడా సేకరించగలదు. భారం ఎక్కువని ఆ వర్క్‌లోడ్ భాగాన్ని మూసి ఉంచి ఇస్తారు. మీరే తెరవాలి. తెరవండి.

స్టోరేజీ బయట జరిగేది ఈ మూడింటికీ సరిగా కనిపించదు. కంట్రోలర్‌లో, సర్వర్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం, బైట్లలో) 9000 పెట్టి, మధ్యలో ఒక స్విచ్ పోర్టును 1500 దగ్గరే వదిలేస్తే ఏమవుతుంది? ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు వాడుకునే పద్ధతి) మౌంట్ అవుతుంది, చిన్న ఫైళ్లు తెరుచుకుంటాయి, పెద్ద ఫైలు రాయబోతే అంతా బిగుసుకుపోతుంది. గ్రాఫులో మాత్రం చీమ చిటుక్కుమనదు. స్టోరేజీకి చేరని అభ్యర్థనకు స్టోరేజీలో లేటెన్సీ ఏముంటుంది? మామూలు పింగ్ కూడా చక్కగా వెళ్తుంది. ముక్కలు చేయకూడదన్న షరతుతో 8972 బైట్ల పింగ్ పంపితే గుట్టు బయటపడుతుంది. మిగిలిన 28 బైట్లు హెడర్లవి. లినక్స్ సర్వర్లలో ‘ఎన్‌ఎఫ్‌ఎస్‌ఐఓస్టాట్’ కమాండ్ కూడా ఇలాంటి వేళ ఆదుకుంటుంది. అందులో అభ్యర్థన వెళ్లి జవాబు రావడానికి పట్టిన సమయం ఒక గడిలో, మొత్తం సమయం ఇంకో గడిలో ఉంటాయి. రెండోది మొదటిదానికంటే బాగా ఎక్కువైతే అభ్యర్థనలు ఆ సర్వర్‌లోనే క్యూ కట్టాయన్నమాట. స్టోరేజీ మీద టికెట్ తెరవడానికి ముందే ఈ రెండు గళ్లూ చూపమని అడుగుతాను. సగం టికెట్లు అక్కడే ఆగిపోతాయి.

అలర్టుల విషయంలో 80 శాతం నిండితే మెయిల్ పంపే పద్ధతి నాకు నచ్చదు. ఏళ్ల తరబడి 82 దగ్గరే ఉండే వాల్యూములు రోజూ మొరపెట్టుకుంటుంటే, వారంలో నిండబోయే వాల్యూమ్ ఆ గోలలో వినపడదు. ప్రోమిథియస్‌లోని ‘ప్రెడిక్ట్ లీనియర్’ పెరుగుదల వేగాన్ని బట్టి ఎప్పుడు నిండుతుందో లెక్కగడుతుంది. అలర్టు దాని మీద పెట్టాలి. ఐనోడ్‌లకు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులకు) వేరే అలర్టు తప్పనిసరి. టెరాబైట్ల ఖాళీ ఉన్నా ‘స్థలం లేదు’ అనే వాల్యూములుంటాయి. ఆన్‌ట్యాప్‌లో మామూలుగా 32 కిలోబైట్లకు ఒకటి చొప్పున ఐనోడ్‌లు వస్తాయి. పెద్ద వాల్యూములకు, మనం పెంచకపోతే, 2,12,51,126 దగ్గర ఆగుతాయి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పోగేసే అప్లికేషన్‌కు అది తొందరగానే అయిపోతుంది. సర్వర్‌లో ‘డీఎఫ్’ కమాండ్‌కు ‘ఐ’ చేర్చి చూస్తే తెలుస్తుంది, కాని అప్పటికే ఫోన్లు మోగుతుంటాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఆన్‌ట్యాప్‌ను అంకెలడిగే పాత పద్ధతి జాపీ జోలికి పోకుండా, కొత్త పద్ధతి రెస్ట్ కలెక్టర్లనే వాడండి. హార్వెస్ట్‌కు చదవడానికి మాత్రమే హక్కున్న ఖాతా చాలు. ఒకే క్లస్టర్, పదీ పదిహేను వాల్యూములు ఉన్నచోట ఇంత హంగామా అక్కర్లేదు. ఆన్‌ట్యాప్‌తో వచ్చే సిస్టమ్ మేనేజర్ తెర సరిపోతుంది.