ఫ్రెంచి తెరచాప యుద్ధనౌకల మోడల్స్ కట్టేవారి యాత్ర: పారిస్, రోష్‌ఫోర్, తులోన్

ఈ పని మీద ఫ్రాన్స్ వెళ్లేవారు పారిస్‌లో బస మోంపర్నాస్ స్టేషన్ దగ్గర చూసుకోవడం మేలు. రోష్‌ఫోర్, లోరియాన్, బ్రెస్ట్ వైపు రైళ్లు అక్కడే ఎక్కాలి. నౌకాదళ మ్యూజియం ఉన్న త్రోకదేరోకి అక్కడి నుంచి మెట్రో 6వ లైన్లో ఎక్కడా మారకుండా చేరుకోవచ్చు. ఈఫిల్ టవర్ కనబడే గదికి పోసే డబ్బు మిగిల్చుకుని రోష్‌ఫోర్‌లో ఒక రాత్రి ఎక్కువ ఉండండి.

పారిస్ మ్యూజియం చాలా ఏళ్లు మూసి ఉండి 2023 నవంబరులో తిరిగి తెరుచుకుంది. మంగళవారం సెలవు. నౌకాదళ ఇన్‌స్పెక్టర్ జనరల్ డ్యుయామెల్ ద్యు మోన్సో 1748లో రాజు 15వ లూయీకి సమర్పించిన నమూనాలే ఈ సంగ్రహానికి మొదలు. అవి అలంకారానికి కాక నౌకా నిర్మాణం నేర్పడానికి చేసినవి కాబట్టి, అలాంటి పాత మోడల్స్‌లో చెక్క పనిని ధైర్యంగా నమ్మొచ్చు. తాళ్లను మాత్రం నమ్మకండి. పాత మోడల్స్‌లో చాలావాటికి తర్వాతి కాలంలో తాళ్లు మార్చి కట్టారు. పక్కనే 18వ శతాబ్దపు చిత్రకారుడు వెర్నే గీసిన ఫ్రెంచి ఓడరేవుల చిత్రాలున్నాయి. మొత్తం 15లో 13 ఇక్కడే. రంగుల విషయంలో, రేవులో సామాను పేర్చే తీరులో వాటికి మించిన ఆధారం లేదు. ఫొటోకి ఫ్లాష్ వద్దు. ఫోన్ చుట్టూ నల్ల గుడ్డ చుట్టి అద్దానికి ఆనించి తీస్తే ప్రతిబింబం పడదు.

ఫిరంగుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. కిట్లలో ఎక్కువ తప్పులు వచ్చేది అక్కడే. 74 ఫిరంగుల నౌకలో లెక్క ఇది: కింది డెక్కులో 36 పౌండ్ల గుండు పేల్చేవి 28, పై డెక్కులో 18 పౌండ్లవి 30, ముందు వెనక ఎత్తు డెక్కుల మీద 8 పౌండ్లవి 16. ఫ్రెంచి పౌండు 489.5 గ్రాములు కాబట్టి 36 పౌండ్ల గుండు 17.6 కిలోలు తూగుతుంది. బ్రిటిష్ వారి 32 పౌండ్ల గుండు 14.5 కిలోలే. ఆ తేడా గొట్టం లావులో కనబడాలి. ఫ్రెంచి 36 పౌండ్ల గుండు వ్యాసం దాదాపు 169 మిల్లీమీటర్లు, అంటే 1/48 స్కేలులో 3.5 మిల్లీమీటర్లు, 1/72లో 2.3. దుకాణంలో ఇత్తడి ఫిరంగి కొనేటప్పుడు వెనక గుబ్బ మీద తాడు దూర్చే ఉంగరం ఉందేమో చూడండి. ఉంటే అది బ్రిటిష్ నమూనా, ఫ్రెంచి నౌకకు పనికిరాదు.

ఇంకా ముఖ్యమైనది ఫిరంగి వెనక్కి తన్నినప్పుడు ఆపే లావు మోకు. బ్రిటిష్ వారు దాన్ని గొట్టం వెనక గుబ్బకు చుడతారు. ఫ్రెంచివారు ఫిరంగిని మోసే బండి రెండు పక్కపలకలకూ రంధ్రాలు పెట్టి వాటిలోంచి అడ్డంగా దూరుస్తారు. కాబట్టి బండి బిగించకముందే తొలవాలి. రెండు పలకల్నీ డబుల్ టేప్‌తో ఒకటిగా అంటించి, కింద పనికిరాని చెక్క పెట్టి ఒకేసారి తొలిస్తే రంధ్రాలు ఎదురెదురుగా వస్తాయి. బిగించాక తొలిస్తే డ్రిల్లు పక్కకు జరుగుతుంది, చెక్క నార వెంబడి చీలుతుంది. 74 బండ్లంటే 148 పలకలు. ఒక డజను అదనంగా కోసి పెట్టుకోండి.

పాత ప్లాన్లు కావాలంటే మెట్రో 1వ లైన్ చివర వాన్సెన్ కోటలోని సైనిక చరిత్ర భాండాగారానికి వెళ్లాలి. చదువు గదిలో చోటు, కావలసిన పత్రాలు రెండూ ముందే కోరి ఉంచాలి. ప్లాన్ మీద ఉండేది ఫ్రెంచి అడుగు, 324.8 మిల్లీమీటర్లు. దాన్ని 304.8 అనుకుంటే నౌక ఆరు శాతం పైగా చిన్నదవుతుంది, కొన్న ఫిరంగులేవీ దానికి అమరవు. నౌకా నిర్మాణ ఇంజనీరు సానే గీసిన 74 ఫిరంగుల నౌక పొడవు 172 అడుగులు, అంటే 55.87 మీటర్లు. 1/48లో నౌక పొట్ట భాగమే 116 సెంటీమీటర్లు దాటుతుంది. ముందుకు పొడుచుకొచ్చే కొయ్యతో ఇంకా ఎక్కువ. ఇంట్లో గుమ్మం కొలుచుకున్నాకే స్కేలు తేల్చుకోండి.

ఒక్క ఊరే చూడగలిగితే రోష్‌ఫోర్ చూడండి. లా రోషెల్ దాకా వేగపు రైలు, అక్కడ నుంచి ప్రాంతీయ రైలు అరగంట. ఔషధ స్నానాల ఊరు కావడంతో, చికిత్సకు మూడు వారాలు ఉండేవారి కోసం వంటగదితో స్టూడియో గదులు చాలా ఉంటాయి. శాకాహారులకు హోటల్ గదికన్నా ఇదే నయం. ఆదివారం మధ్యాహ్నం తర్వాత సరుకులు దొరకడం కష్టం, శనివారమే తెచ్చుకోండి. చికిత్సల సీజన్లో ఒకటి రెండు రాత్రులకు గది ఇవ్వడానికి యజమానులు ఇష్టపడకపోవచ్చు.

ఇక్కడి రాజుగారి తాళ్ల కర్మాగారం 374 మీటర్ల పొడవు. అంత పొడవు ఎందుకో తెలిస్తే మన బల్ల మీద తాడు పేనడం కూడా తెలిసినట్టే. పేనేకొద్దీ నూలు పొట్టిదవుతుంది, దాదాపు మూడోవంతు తగ్గుతుంది. 200 మీటర్ల లంగరు మోకుకు 300 మీటర్ల నూలు పరవాలి. మోడల్‌కు 2 మీటర్ల తాడు కావాలంటే 3 మీటర్ల దారం కట్టండి. దారాలు బిగించిన ఒక కొస ముందుకు జారేలా ఉండాలి. జారకపోతే దారం పుటుక్కున తెగుతుంది, బరువు లేకుండా వదిలేస్తే ముడులు పడుతుంది. దారానికున్న పురికి ఎదురు దిశలో పేనితేనే తాడు విచ్చుకోకుండా నిలుస్తుంది.

పక్కనే డ్రై డాకులు, షెస్ భవనంలో నౌకాదళ మ్యూజియం. ఎర్మియోన్ అనే పాత యుద్ధనౌక ప్రతిరూపం కోసం మాత్రం ఇక్కడికి రాకండి. ఈ ఊళ్లోనే కట్టిన ఆ ఫ్రిగేటు ప్రతిరూపాన్ని 2021లో మరమ్మతులకు బయోన్ రేవు వైపు, ఆంగ్లేకి తీసుకెళ్లారు. నౌక పొట్ట చెక్కకు బూజు పట్టిందని అక్కడే బయటపడింది. అది ఎక్కడుందో, లోపలికి రానిస్తున్నారో కనుక్కున్నాకే టికెట్ కొనండి.

తులోన్‌కు రైలు పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి, దాదాపు నాలుగు గంటలు. యువ నౌకాధికారులకు పాఠం చెప్పడానికి చేసిన డ్యుకేన్, సుల్తాన్ అనే భారీ మోడల్స్ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. తాళ్లు ఏ కప్పీలోంచి ఎటు పోతున్నాయో వాటి మీద కంటితో వెంబడించొచ్చు. అంత దూరం వెళ్లడానికి ఆ రెండూ చాలు.

లోరియాన్ ఎదురుగా పోర్ లూయీ కోటలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మ్యూజియం ఉంది, పడవలో దాటాలి. ఫిరంగుల కోసమే అయితే అవసరం లేదు. యానాం, మచిలీపట్నాలకు ఓడలు నడిపిన కంపెనీ ఇదే. మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలు అక్కడ అద్దాల వెనక ఉన్నాయి, వాటికోసం ఒక పూట ఇవ్వొచ్చు.

తిరుగు ప్రయాణంలో బ్లేడ్లు, డ్రిల్లు ముక్కలు చెకిన్ పెట్టెలో పెట్టండి. సాల్వెంట్ వాసన వచ్చే జిగురు, రంగులు ఏ పెట్టెలోనూ పెట్టకూడదు, అవి ఇంటి దగ్గరే కొనుక్కోండి. ఇత్తడి ఫిరంగుల్ని సైజులవారీగా విడి డబ్బాల్లో, ఒకదానికొకటి తగలకుండా గుడ్డ చుట్టి సర్దండి. గొట్టానికి రెండు పక్కలా పొడుచుకొచ్చే ఇరుసు కొసలు రాసుకుంటే గీతలు పడతాయి, రంగు వేసినా అవి కనబడతాయి.