ఓడ దిగాక ఎవరి బస్సు ఎక్కాలి? పన్నెండు మజిలీల లెక్క

బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాడికి లెక్క రాసుకోకపోతే నిద్ర పట్టదు. నా డైరీ ప్రకారం 2016 నుంచి 2023 వరకు మేము చేసిన ఓడ ప్రయాణాలు అయిదు. రేవుల్లో దిగింది పన్నెండుసార్లు. అందులో ఆరుసార్లు ఓడ వాళ్ళు అమ్మిన టూరు కొన్నాం. అయిదుసార్లు బయట మేమే ఏర్పాటు చేసుకున్నాం. మిగిలిన ఒక్కసారి, అలాస్కాలోని కెచికన్‌లో, గొడుగు వేసుకుని వానలో ఊరంతా నడిచి ఓడెక్కేశాం.

చెన్నై రేవు నుంచి శ్రీలంకకు విహార ఓడలు 2023 జూన్‌లో మొదలైన దగ్గర్నుంచీ వెస్ట్ మాంబళంలో నాతోపాటు పొద్దున నడిచేవాళ్ళు అడిగేది ఒకటే ప్రశ్న. “ఓడ వాళ్ళ టూరు మరీ ఖరీదుగా ఉందండీ, బయట చూసుకుంటే తక్కువలో పోదా?” పోతుంది. శ్రీలంక రేవు హంబన్‌తోటలో మాత్రం ఆ పని చేయకండి అంటాను. ఎందుకో చెప్పేలోపు వాళ్ళ నడక పూర్తవుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఓడ కంపెనీకి ఆ ఊళ్ళో బస్సులు ఉండవు. స్థానిక ఏజెన్సీతో ఒప్పందం చేసుకుని, దాని మీద తన వాటా వేసుకుని మనకు అమ్ముతుంది. మరి ఆ అదనపు డబ్బుకు మనకు దక్కేదేమిటంటే ఒక మాట: మా బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే మిమ్మల్ని తరువాతి రేవుకు మా ఖర్చుతో చేరుస్తాం. బయటి టూరులో వెళ్ళి ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది. అటువంటప్పుడు మన పాస్‌పోర్టులు గదిలో ఉంటే తీసి ఒడ్డున ఉన్న ఓడ ఏజెంటు చేతికిచ్చి పోతారట. అక్కడినుంచి విమానమో రైలో వెతుక్కోవడం మన బాధ్యత. ఆ మాట ఖరీదు మొదటి ప్రయాణంలో నాకు అర్థం కాలేదు. మొదటి ప్రయాణంలో ఎవరికీ అర్థం కాదనుకుంటాను.

ఆ మొదటిది సింగపూర్ నుంచి పినాంగ్, ఫుకెట్. పినాంగ్‌లో భయపడి ఓడ వాళ్ళ టూరు కొన్నాం. చొక్కాకు నంబరు స్టిక్కరు అంటించి బస్సెక్కించారు. కొండమీది బౌద్ధాలయం బాగుంది. ఆ తరువాత ఒక బాతిక్ బట్టల దుకాణంలో యాభై నిమిషాలు కూర్చోబెట్టారు. తిరిగివచ్చాక తెలిసింది, ఓడ ఆగిన స్వెటన్‌హామ్ రేవు నుంచి జార్జ్‌టౌన్‌లోని లిటిల్ ఇండియాకు నడిచి పోవచ్చునని. అక్కడి అరటాకు భోజనం తినకుండా వచ్చేసినందుకు మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ కోపంతో ఫుకెట్‌లో బయట కారు మాట్లాడుకున్నాం. అక్కడ ఓడ ఒడ్డుకు రాదు, పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసుకుంటుంది. చిన్న బోట్లలో దించుతారు. ఓడ టూరు కొన్నవాళ్ళకు తొలి బోట్లు, మిగతావాళ్ళకు టోకెన్లు. మా వంతు రావడానికి గంటన్నర పట్టింది. అది పోయినా ఫరవాలేదు. అసలు చిక్కు ఫోనుతో వచ్చింది. ఓడ సింగపూర్ సమయం మీదే నడుస్తోంది, థాయ్‌లాండ్ సమయం దానికి గంట వెనక. ఒడ్డున కాలు పెట్టగానే ఫోను తనంతట తాను గంట వెనక్కి జరుపుకుంది. చివరి బోటు నాలుగున్నరకు. నేను కొబ్బరిబోండం తాగుతూ ఫోను చూసి ఇంకా రెండు గంటలుందన్నాను. మా ఆవిడ తన చేతికున్న పాత హెచ్‌ఎంటీ గడియారం నా ముఖం ముందు పెట్టి “మీ ఫోనుకు రెండున్నర, నా చేతికి మూడున్నర. ఓడ ఎవరి మాట వింటుంది?” అని అడిగింది. బోండం సగంలోనే వదిలేశాను. ఆనాటి నుంచి ఓడ దిగేటప్పుడు గదిలోకి వచ్చే దినచర్య కాగితాన్ని ఫొటో తీసుకుంటాను. ఓడ బయలుదేరే వేళ, అంతకుముందే అందరూ ఎక్కాల్సిన వేళ, ఒడ్డున ఉండే ఏజెంటు నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి.

అలాస్కా గురించి పెద్దగా చెప్పడానికి లేదు. జూనోలో రేవు గట్టు మీదే బస్సుల వాళ్ళు బల్లలు వేసుకుని టికెట్లు అమ్ముతారు. మెండెన్‌హాల్ హిమానీనదం ఇరవై కిలోమీటర్ల లోపే, బస్సులు వస్తూ పోతూ ఉంటాయి. అక్కడ ఓడ వాళ్ళకు ఎక్కువ ఇవ్వడం దండగ. స్కాగ్‌వేలో మాత్రం కొండరైలు టికెట్టు ఓడలోనే కొన్నాం. 1898లో బంగారం కోసం జనం ఎగబడ్డప్పుడు పని మొదలుపెట్టి రెండేళ్ళలో వేసిన దారి అది, పట్టాల మధ్య దూరం మీటరు కన్నా తక్కువ. రైలు ఓడ పక్కకే వచ్చి ఎక్కించుకుంటుంది. అంత చలిలో ఆ సౌకర్యానికి ఎంతిచ్చినా బాధ లేదు.

ఇటలీ దగ్గర ఆగాలి. 2019 సెప్టెంబరు, మా అమ్మాయి కూడా వచ్చింది. రోమ్ చూడాలంటే ఓడ ఆగేది చివిటావెక్కియాలో, డెబ్బయి ఎనభై కిలోమీటర్ల దూరం. “నాన్నా, రైల్లో గంట ప్రయాణం. ముగ్గురికీ కలిపి అంత డబ్బు బస్సుకు ఎందుకు?” అంది. నిజమే. పొద్దున రైలు హాయిగా తీసుకెళ్ళింది. కొలోసియం చూశాం, నడిచాం, నీళ్ళ సీసాకు నాలుగు యూరోలు ఇచ్చి తిట్టుకున్నాం. మూడు గంటలకు స్టేషనుకు వస్తే బోర్డు మీద వరసగా ఒకటే పదం. అది రద్దు అని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరోజు రైళ్ళ సమ్మె. ఆ దేశంలో సమ్మె రోజున కూడా పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు కొన్ని రైళ్ళు తప్పక నడుపుతారు. మమ్మల్ని పొద్దున తీసుకొచ్చింది అటువంటి రైలే! సాయంత్రం ఆరింటి దాకా ఆగితే ఓడ ఎక్కాల్సిన ఆరున్నర దాటిపోతుంది. స్టేషను బయట మాలాగే కాళ్ళు కాలిన పిల్లుల్లా తిరుగుతున్న మరో జంట దొరికింది, అదే ఓడ. అయిదుగురం ఒక పెద్ద టాక్సీలో ఇరుక్కుని 160 యూరోలు పంచుకున్నాం. దారంతా అమ్మాయి మాట్లాడలేదు. ఓడెక్కేసరికి అయిదున్నర.

ఆ రాత్రే టూర్ల డెస్కు దగ్గర వరసలో నిలబడి మర్నాటి లివోర్నోకు మూడు టికెట్లు కొన్నాను. ఆ రేవు నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర దూరం. తోలుసంచుల దుకాణం తప్పలేదు, అయినా ఆ రోజు నేను ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. తరువాతిది నేపుల్స్. అక్కడ రేవు ఊరి నడిబొడ్డునే ఉంటుంది. పాంపేకి వెళ్ళే లోకల్ రైలు టికెట్టు అప్పట్లో 3 యూరోల లోపే, ప్రయాణం అరగంట పైచిలుకు. మళ్ళీ మా అంతట మేమే వెళ్ళాం, రెండింటికల్లా తిరిగొచ్చి ఓడలోనే భోంచేశాం. ఒకే వారంలో మూడు ఊళ్ళకు మూడు నిర్ణయాలు. రైలు రద్దయితే ఇంకో దారిలో ఓడ చేరగలనా అన్నది అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న. నేపుల్స్‌లో టాక్సీ సరిపోతుంది. ఫ్లోరెన్స్‌లో ఒంటరిగా ఇరుక్కుంటే జేబు ఖాళీ.

ఇక మన చెన్నై ఓడ. 2023 జూన్‌లో ఒకసారి మేమిద్దరం వెళ్ళాం, హంబన్‌తోట, ట్రింకోమలీ. ఆగస్టులో మరోసారి వదినను తీసుకుని ట్రింకోమలీ, జాఫ్నా వైపు కాంకేసంతురై. ఇందులో మన తెలుగువాళ్ళకు ఒక అదృష్టం ఉంది, చాలామంది గమనించరు. మద్రాసులో ముప్ఫయ్యేళ్ళుగా కూరగాయలు బేరమాడిన తమిళం ట్రింకోమలీలో, జాఫ్నాలో అచ్చంగా పనిచేస్తుంది. వాళ్ళ యాస వేరు, మనకంటే శుద్ధంగా మాట్లాడతారు, నా తమిళం విని నవ్వారు కూడా. కానీ బేరం కుదురుతుంది. హంబన్‌తోటలో అంతా సింహళం. అక్కడ నేను చేతులు ఊపడమే.

హంబన్‌తోటలో ఓడ వాళ్ళ టూరులో యాలా అడవికి వెళ్ళాం. గంటకు పైగా రోడ్డు, తరువాత జీపు. చిరుత కనిపించలేదు. ఏనుగులు, గేదెలు, లెక్కలేనన్ని నెమళ్ళు కనిపించాయి. తిరుగు ప్రయాణంలో మా బస్సు టైరు పేలింది. డ్రైవరూ క్లీనరూ చెమటలు కక్కుతూ మారుస్తుంటే అందరం రోడ్డు పక్క నిలబడి సీసాల్లో మిగిలిన నీళ్ళు పంచుకున్నాం. ముప్ఫయి అయిదు నిమిషాలు ఆలస్యం. ఓడ మెట్ల దగ్గర సిబ్బంది చేతుల్లో పళ్ళరసం గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. అదే బయటి జీపులో అయివుంటే నేను ఆ మెట్లను దూరం నుంచే చూసేవాణ్ణి.

ఇదే కంపెనీ, ఇదే ప్రయాణం, ట్రింకోమలీలో ఉసూరుమనిపించింది. నలభై రెండు మందిమి ఒకే బస్సులో. మూడుసార్లు తలలు లెక్కపెట్టారు. ముందు వేడినీటి బావులు, తరువాత బీచ్, ఆ తరువాత పాత కోట లోపల ఉన్న కోణేశ్వరం గుడి. మేము కోటలోకి చేరేసరికి పన్నెండు నలభై. గుడి తలుపులు మూసేశారు. దక్షిణాదిలో గుళ్ళు చాలావరకు మధ్యాహ్నం మూస్తారని ఆ పథకం వేసినవాళ్ళకు తెలియదా? గోపురానికి దండం పెట్టి, కోటలో తిరిగే జింకలకు ఫొటోలు తీసి వచ్చేశాం. ఇద్దరికీ 9,000 రూపాయలు.

ఇంటికొచ్చాక మా వీధిలో ట్రావెల్స్ కారు నడిపే కుర్రాడికి ఈ గోడు చెప్పుకుంటే నవ్వాడు. చలికాలంలో చెన్నైకి విదేశీ ఓడలు వచ్చినప్పుడు వాళ్ళను మహాబలిపురం తీసుకెళ్ళే బస్సులు కూడా నడిపాడతను. “కపాలీశ్వరాలయం పన్నెండున్నరకు మూస్తారని మాకు తెలుసు సార్. కానీ ఏ బస్సు ముందు ఎక్కడికి పోవాలో ఎప్పుడో కాగితం మీద రాసేస్తారు. అన్ని బస్సులూ ఒకేసారి గుడి దగ్గరకు పోతే నిలపడానికి చోటుండదు. అందుకని సగం బస్సులు ముందు బీచ్‌కు, సగం గుడికి. ఓడ కంపెనీ ఎంత తీసుకున్నా మా బత్తా మాత్రం అంతే.” మహాబలిపురంలో అర్జున తపస్సు శిల్పం ముందు నంబరు స్టిక్కర్లతో నిలబడి, గొడుగు ఎత్తిపట్టుకున్న గైడు వెంట పరుగులు తీసే తెల్లవాళ్ళను చాలాసార్లు చూశాను. ఇప్పుడు వాళ్ళ మీద జాలి వేస్తోంది, పినాంగ్‌లో నేనూ అలాగే ఉండివుంటాను.

ఆగస్టులో అందుకే ట్రింకోమలీకి ముందుగానే ఫోను చేసి వ్యాను మాట్లాడాను. అంతకుముందు ఇద్దరితో మాట్లాడాను. మొదటివాడు ధర చెప్పాడు. రెండోవాడు సగం అడ్వాన్సు పంపమన్నాడు. మూడో అతను ముందుగా అడిగింది “ఓడ ఎన్నింటికి కదులుతుందయ్యా?” అని. ఆ ప్రశ్నకే అతనికి ఇచ్చేయాలనిపించింది. అడ్వాన్సు వద్దన్నాడు, సముద్రం బాగాలేక ఓడ రాకపోతే మీ డబ్బు నాకెందుకు అన్నాడు. ఇది చిన్న విషయం కాదు. ఓడ రేవులో ఆగకుండా పోతే ఓడ టూరు డబ్బు మన ఖాతాలోకి తిరిగి వస్తుంది, బయటివాళ్ళకు పంపింది వస్తుందో రాదో వాళ్ళ దయ.

రేవు గేటు బయట వ్యానుతో నిలబడి ఉన్నాడు. వదిన నడక చూశాడు. డెబ్బయి రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. “ముందు గుడి అమ్మా, ఎండ ముదరకముందే” అన్నాడు. ఫ్రెడరిక్ కోట లోపలికి బండి ఎంతదాకా పోనిస్తారో అంతదాకా పోనిచ్చాడు. చెప్పులు విడిచేచోట నుంచి గుడిదాకా కాలే రాళ్ళ మీద నడవాలని తెలుసు కాబట్టి తన సంచిలోంచి పాత మేజోళ్ళ జత తీసి వదినకు ఇచ్చాడు. తమిళ శైవ భక్తకవి సంబంధర్ ఏడో శతాబ్దంలో పాడిన కోణేశ్వరుడి గుడి అది. పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసులు కూలగొట్టి ఆ రాళ్ళనే కోటకు వాడుకున్నారు, ఇప్పుడున్నది తిరిగి కట్టింది. హారతి అందింది. గుడి వెనక కొండ నిలువునా చీలినట్టున్న చోటు రావణుడి కత్తివేటు అని చూపించాడు. కింద సముద్రం వైపు చూడగానే వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరువాత కన్నియా వేడినీటి బావులు. ఏడు బావులు, ఒక్కోదాంట్లో ఒక్కో వేడి. వదిన మోకాళ్ళ మీద బకెట్లు బకెట్లు పోయించుకుంది. ముగ్గురికీ అయిన ఖర్చు మన డబ్బులో 5,000 లోపే. ఓడ కదలడానికి రెండు గంటల ముందే గేటు దగ్గర దించాడు. ఇంకో చోటు చూపించమని అడిగినా ఒప్పుకోలేదు.

కాంకేసంతురైకి మాత్రం టికెట్లతోపాటే ఓడ టూరుకు డబ్బు కట్టేసి ఉన్నాం. అదే నా తప్పు. కీరిమలై ఊట రేవుకు దగ్గర్లోనే, సముద్రం ఒడ్డునే మంచినీళ్ళ కొలను. అక్కడ పదిహేను నిమిషాలు ఇచ్చారు. జాఫ్నాలోని నల్లూరు కందస్వామి గుడిలో ఉత్సవాలు జరుగుతున్నాయి, ఇరవై అయిదు రోజుల పండుగ. చుట్టూ వీధుల్లోకి బండ్లు రానివ్వరు. బస్సు ఎక్కడో ఆపి నడవమన్నారు. మగవాళ్ళు చొక్కా విప్పాలని గుడి వాకిట్లో చెప్పారు, నంబరు స్టిక్కరు చొక్కాకే ఉండిపోయింది. తిరుగుదారిలో వదిన ఒక అంగడి అరుగు మీద కూలబడి తాటిబెల్లం ముక్క చప్పరిస్తూ, “నిన్నటి వ్యాను అబ్బాయిని ఇక్కడికి కూడా రమ్మంటే పోయేదిగా నాయనా” అంది.

ట్రింకోమలీ అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుందని నేను చెప్పలేదు. బస్సు వైపు గైడు గొడుగు ఎత్తి మా నంబరు పిలుస్తున్నాడు.