లోయర్ ఆర్మ్ బుష్‌లు: రబ్బరా, పాలీయా?

"అన్నా, పాలీ బుష్‌లు ఏపిస్తే బండి రోడ్డుకు అతుక్కుంటదట గదా?" హన్మకొండలో అలైన్‌మెంట్ షాపుల కాడ రోజూ వినబడే ప్రశ్న ఇది. బుష్ అంటే కారు చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్, బండి చట్రానికి కలిసేచోట ఉండే కీలు. పాలీ అంటే పాలీయురెథేన్, రబ్బరు కంటే గట్టి పదార్థం. అతుక్కుంటది, నిజమే. కానీ అప్పటిదాకా బండిలో ఉన్నది నలిగి, నెర్రెలిచ్చిన పాత రబ్బరు. కొత్త రబ్బరు పడ్డా స్టీరింగ్‌కు బిగువు వస్తుంది. పోల్చాల్సింది కొత్తదాన్ని కొత్తదానితో.

అందరూ గట్టిదనం చూస్తారు. గట్టిదనం కొలిచే షోర్ ఏ స్కేలు మీద రబ్బరు సుమారు 50 నుంచి 65, పాలీ 80 నుంచి 95. అసలు తేడా బుష్ కదిలే తీరులో ఉంది. రబ్బరు లోపలి, బయటి ఇనుప గొట్టాలకు అతికి ఉంటుంది. ఆర్మ్ ఊగితే రబ్బరే మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. పాలీ అతకదు, గొట్టం మీద జారుతుంది. అందుకే దానికి నీళ్లకు కొట్టుకుపోని సిలికాన్ గ్రీజు కావాలి. ములుగు, నర్సంపేట వైపు వానకాలం బురదలో తిరిగే బండిలో ఆ గ్రీజు పోయిందంటే కిర్రుకిర్రు మొదలు. ఇసుక చొరబడితే గొట్టమే అరుగుతుంది.

ఎల్ ఆకారం ఆర్మ్‌లో వెనక బుష్‌కు చాలా బండ్లలో రబ్బరు మధ్య కావాలనే ఖాళీలు వదులుతారు. చక్రం గుంతలో పడ్డప్పుడు ఆర్మ్ కాస్త వెనక్కి జరగాలి కాబట్టి. అక్కడ నిండు పాలీ పెడితే ఆ దెబ్బ సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్ బిగించే చట్రం) గుండా మీ చేతికే వస్తుంది. వెనక చక్రాలు రెంటినీ కలిపే ట్విస్ట్ బీమ్‌లో బుష్ అన్ని దిక్కులా మెలిపడాలి, పాలీ పట్టేస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు.

పాలీకి తగిన చోటు స్టెబిలైజర్ బార్, అంటే ఎడమ కుడి సస్పెన్షన్‌లను కలిపే ఇనుప కడ్డీ. మలుపులో బండి ఒరగడం తగ్గుతుంది, ఖర్చూ తక్కువే. బార్ మందం వెర్నియర్‌తో కొలిచి కొనండి. వదులైతే టక్‌టక్, బిగుతైతే బార్ తిరగదు.

ఆర్మ్‌కు మాత్రం కంపెనీ రబ్బరే మేలు, సరిగ్గా బిగిస్తే. తీసేముందు ఖాళీలు ఏ వైపున్నాయో గీత పెట్టుకోండి. సుత్తి వద్దు. హైడ్రాలిక్ ప్రెస్‌తో, బయటి గొట్టం మీదే ఒత్తాలి. ఇక ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే: జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించేస్తారు. బండి దిగగానే రబ్బరు మెలిపడి, అలాగే ఉండిపోతుంది. తొందరగా చీలుతుంది, తిట్లు మాత్రం రబ్బరుకు. బోల్టు వదులుగా ఉంచి, బరువు చక్రాల మీద పడ్డాకే కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి. పాలీకి ఈ గొడవ లేదు, అది ఒప్పుకోవాలి.

లేత్‌లో కోయించే నైలాన్ బుష్ తేమ పీల్చి ఉబ్బుతుంది. రోజ్ జాయింట్లు, అంటే రబ్బరు లేని ఇనుప గుండు కీళ్లు, రేసు బండ్లకు.

ఏది వేయించినా టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చూపించుకోండి, లేదంటే టైరు అంచు నున్నగా అరుగుతుంది.