చెరువు పూడ్చిన స్థలమా, కొండ కింద స్థలమా: ఏది మేలు?

మా బావ తిరుపతిలో కింద స్టిల్ట్ పార్కింగ్ (గోడల్లేకుండా పిల్లర్ల మీదే ఉండే అంతస్తు) పెట్టి పైన నాలుగంతస్తులు వేద్దామని రెండు స్థలాలు చూసి, ఏది కొనమంటావని నన్నడిగాడు. ఒకటి స్వర్ణముఖి వైపు, పాత చెరువు పూడ్చి వేసిన లేఅవుట్లో. రెండోది శేషాచలం కొండ కింద, కాస్త వాలుగా ఉంటుంది. అంకణం (మా వైపు స్థలం కొలత) ధర మొదటిదే తక్కువ, రోడ్డూ వెడల్పు, అందుకే మా అక్క మనసంతా అటే. భూకంపం మాటెత్తితే "మన పక్కకి అవి ఎందుకొస్తాయిరా" అంది. 1993లో లాతూర్ దగ్గర కిల్లారిలో కూడా అంత పెద్దది వస్తుందని ఎవరూ అనుకోలేదు.

మనది హిమాలయాల పక్కలా భయపడాల్సిన జోన్ కాదు, ఒప్పుకుంటా. కానీ జోన్ అనేది ప్రాంతం మొత్తానికి చెప్పే మాట, మన ముగ్గు పోసే చోట కింద ఏముందో అది చెప్పదు. 1985లో మెక్సికో సిటీని కూల్చిన భూకంపం పుట్టింది దాదాపు 350 కిలోమీటర్ల అవతల, అయినా ఊళ్లో బాగా దెబ్బతిన్నవి పాత సరస్సు అడుగున ఉన్న మెత్తటి బంకమట్టి మీద కట్టిన భవనాలు.

చెరువు స్థలంలో జేసీబీతో గుంత తీయించాం. పైన నాలుగడుగులు ఎర్రమట్టి, ఇటుక పెళ్లలు, టైల్స్ ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు. దాని కింద నల్లటి ఒండ్రు, వేళ్లకి అంటుకుంటే కడిగినా ఒక పట్టాన వదల్లేదు. పదడుగుల దగ్గర ఇసుక తగిలింది, సాయంత్రానికి గుంతలో నీళ్లు ఊరాయి. ఇవి మూడూ వేర్వేరు తలనొప్పులు. పూడ్చిన మట్టి భూకంపం రాకపోయినా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కుంగుతుంది. ఒండ్రు ఊపుని పెంచుతుంది. నీళ్లలో నానిన వదులు ఇసుక అన్నిటికన్నా చెడ్డది: గట్టిగా ఊగినప్పుడు రేణువులు దగ్గరికి సర్దుకోబోతాయి, మధ్యలో ఉన్న నీళ్లకి బయటికి పోయే టైమ్ ఉండదు, ఆ ఒత్తిడికి రేణువుల మధ్య పట్టు తప్పి నేల కాసేపు చిక్కటి ద్రవంలా మారిపోతుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్లు పెద్దగా విరగకుండానే పక్కకి ఒరిగిపోయింది ఇందుకే.

కంటితో చూసింది చాలదని బోర్ వేయించి ఎస్పీటీ, అంటే నేల ఎంత గట్టిదో చూసే పరీక్ష, చేయించాం. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. పది లోపైతే మెత్తన, ముప్పై దాటితే గట్టి నేల. చెరువు స్థలంలో ఆ ఇసుక దగ్గర ఆరు దెబ్బలకే దిగిపోయింది. కొండ కింద, పైనున్న గ్రావెల్ దాటాక, యాభై కొట్టినా పూర్తిగా దిగలేదు.

అందుకే నా ఓటు కొండ కింద స్థలానికే. అయితే రెండు విషయాలు చూడకుండా కాదు. వాలు స్థలాన్ని చదును చేసేటప్పుడు పైవైపు తవ్విన మట్టిని కిందివైపు పోస్తారు, అప్పుడు సగం ఇల్లు రాతి మీద, సగం పోసిన మట్టి మీద కూర్చుంటుంది. ఊగినప్పుడు పగులు సరిగ్గా ఆ మధ్యలోనే వస్తుంది. రెండోది బండలు. 2021 డిసెంబర్లో వానలకి తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు జారిపడ్డాయి కదా, భూమి కదిలినా అలాగే పడతాయి. స్థలానికి పైన వదులు బండలుంటే ఆ స్థలం ఉచితంగా ఇచ్చినా వద్దంటాను.

చెరువు స్థలంలో కట్టలేమని కాదు. వదులు ఇసుక దాటి గట్టి పొర దాకా పైల్స్ (లోతుగా దింపే కాంక్రీట్ స్తంభాలు) దింపితే నిలబడుతుంది, కానీ అంకణం ధరలో మిగిలిన డబ్బు మట్టిలోకే పోతుంది. ఏ స్థలమైనా స్టిల్ట్‌లో ఉత్త పిల్లర్లతో వదిలేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. 2001 భుజ్ భూకంపానికి రెండొందల కిలోమీటర్ల పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో ఇలా కింద ఖాళీగా ఉన్నవి చాలా ఉన్నాయి. కింద కొన్నిచోట్ల కాంక్రీట్ గోడలు వేయాల్సిందే.

ఇప్పుడు బావ కొండ కింద స్థలంలో ఇంకో రెండు బోర్లు వేయిస్తున్నాడు, ఒకటి పై అంచున, ఒకటి కింది అంచున. ఆ రిపోర్ట్ చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇచ్చేది లేదని అమ్మేవాళ్లకి చెప్పేశాడు.