టైంటేబుల్ సాఫ్ట్‌వేర్: మా నల్లగొండ కాలేజీలో ఏళ్ల తరబడి వాడాక

డిగ్రీ కాలేజీకి టైంటేబుల్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలనుకునేవాళ్లు అందరికంటే ముందు ఒక మాట అడగాలి: సెమిస్టర్ మధ్యలో ఒక గెస్ట్ లెక్చరర్ మారితే, మిగతా క్లాసులేవీ కదలకుండా ఆ ఒక్కరి పీరియడ్లే సర్దగలదా? టైంటేబుల్ ఇన్‌చార్జిగా ఇన్నేళ్లు పనిచేశాక నేను ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఈ ప్రశ్నతోనే కొలుస్తాను.

మా కాలేజీలో మొదట డబ్బు కట్టి తీసుకున్న ప్యాకేజీ ఒకటి ఉండేది. పేరు అనవసరం. ఫీజులు, హాజరు, మార్కులతో పాటు టైంటేబుల్ కూడా అందులో ఒక భాగం. పెట్టేముందు కంపెనీవాళ్లు మా అవసరాలు రాసుకున్నారు. సెక్షన్లెన్ని, లెక్చరర్లెందరు, గదులెన్ని అని అడిగారు. సెకండ్ లాంగ్వేజ్ గురించి ఎవరూ అడగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మన డిగ్రీ కాలేజీల్లో చదువు చెప్పినవాళ్లకు ఇది తెలుసు. బీఏ, బీకాం, బీఎస్సీ ఏ సెక్షన్ తీసుకున్నా అందులో కొందరు తెలుగు, కొందరు హిందీ, కొందరు సంస్కృతం, మరికొందరు ఉర్దూ. ఉర్దూ పిల్లలు ఒక్కో సెక్షన్‌లో కొద్దిమందే ఉంటారు కాబట్టి అన్ని సెక్షన్ల నుంచీ వచ్చి ఒకే గదిలో కూర్చుంటారు. అంటే అన్ని సెక్షన్లకూ లాంగ్వేజ్ పీరియడ్ ఒకే గంటలో పడాలి, ఆ గంటలో భాషకొక గది ఖాళీగా ఉండాలి. ఆ ప్యాకేజీకి మాత్రం ఒక సెక్షన్, ఒక లెక్చరర్, ఒక గది తప్ప వేరే లెక్క రాదు. బీకాంకు పది గంటలకు, బీఎస్సీకి పన్నెండుకు హిందీ వేసింది. కలిపి చెప్పాల్సిన క్లాసు రెండైపోయి, హిందీ సార్ వర్క్‌లోడ్ కాగితం మీద పెరిగిపోయింది. చివరికి చేత్తో గీసిన చార్టునే అందులో ఎక్కించి ప్రింట్ తీసేవాళ్లం.

ఆ తర్వాత ఎఫ్ఈటీకి మారాం. రుమేనియాకు చెందిన లివియు లాలెస్కు 2002లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఇంటర్నెట్ అక్కర్లేదు, పాత డెస్క్‌టాప్ మీద కూడా నడుస్తుంది, డేటా మొత్తం ఒకే ఫైల్‌లో ఉంటుంది. ఇందులో ఒక ఇయర్‌ను గ్రూపులుగా, సబ్‌గ్రూపులుగా విడగొట్టుకోవచ్చు. భాషను బట్టి ఒక విభజన, ల్యాబ్ బ్యాచ్‌ను బట్టి ఇంకో విభజన పెడితే సబ్‌గ్రూపులు అదే తయారుచేసుకుంటుంది. ఎ బ్యాచ్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉన్నప్పుడు బి బ్యాచ్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉండాలనే నియమం పెట్టవచ్చు. నాలుగు భాషల క్లాసులూ ఒకే సమయానికి మొదలవ్వాలనీ చెప్పవచ్చు. మాకు కావలసింది అదే.

దీనికంటే నాకు నచ్చింది ఇంకొకటి. చాలా నియమాలకు పక్కన ఒక శాతం ఇవ్వవచ్చు. వంద అంటే తప్పనిసరి, తక్కువైతే వీలున్నంతవరకు. స్టాఫ్ మీటింగ్‌లో అవసరాలు అడిగితే అందరివీ తప్పనిసరే అవుతాయి. "ఫస్ట్ అవర్ వద్దు సార్, హైదరాబాద్ నుంచి వచ్చేసరికి టైం అయిపోతుంది" అని ఒకరు, "ల్యాబ్ మధ్యాహ్నమే కావాలి" అని ఇంకొకరు. అన్నిటికీ వంద పెడితే టైంటేబుల్ తేలదు. అందుకే ఏది వంద, ఏది కాదు అన్నది ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుని ముందే తేల్చుకుంటాం. గెస్ట్ లెక్చరర్ వారంలో వచ్చే రోజులు వంద. ల్యాబ్ గంటలు విడిపోకుండా వరుసగా ఉండటం వంద. దేవరకొండ, మునుగోడు, చండూరు రూట్ల పిల్లలకు సాయంత్రం బస్సు అందేలా చివరి గంట ఖాళీ ఉంచడం కూడా నా లెక్కలో వందే. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ బస్సులనే నమ్ముకుని వచ్చే అమ్మాయిలున్నారు. ఒక లెక్చరర్‌కు నడుమ లీజర్ పీరియడ్ రావడం కన్నా వాళ్లు పొద్దు గూకకముందే ఇల్లు చేరడం ముఖ్యం. ఈ మాట మీటింగ్‌లో గట్టిగానే అంటాను.

టైంటేబుల్ సమస్య ఎంత కష్టమైనదో కంప్యూటర్ సైన్స్‌వాళ్లు 1976లోనే నిరూపించారు. క్లాసులు పెరిగే కొద్దీ అన్ని అమరికలనూ ఒక్కొక్కటిగా చూసి తేల్చడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. ఎఫ్ఈటీ కష్టమైన క్లాసును ముందు పెడుతుంది, చోటు లేకపోతే అడ్డున్నవాటిని తీసి వేరే చోట సర్దుతుంది. తేలకపోతే ఏ క్లాసు దగ్గర ఆగిందో చూపిస్తుంది. అక్కడ చూస్తే చాలాసార్లు అసలు కారణం దొరుకుతుంది: ఒకే లెక్చరర్ మీద మోయలేనంత భారం, లేదా ఒకే కంప్యూటర్ ల్యాబ్ కోసం మూడు కోర్సుల పోటీ.

ఇక లాక్ సంగతి, అంటే ఒక క్లాసును దాని గంటలోనే కదలకుండా బిగించేయడం. దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) అడ్మిషన్లు విడతలవారీగా జరుగుతాయి కాబట్టి ఫస్టియర్‌లో ఏ కాంబినేషన్‌కు ఎంతమందో ముందే తెలియదు. గెస్ట్ లెక్చరర్ల నియామకం ఆలస్యమైతే మరీ కష్టం. టైంటేబుల్‌ను మళ్లీ తయారుచేయిస్తే ఎఫ్ఈటీ ప్రతిసారీ కొత్త అమరిక ఇస్తుంది, పిల్లలకు అలవాటైన గంటలన్నీ తారుమారవుతాయి. అందుకే సెకండియర్, ఫైనలియర్ క్లాసులను లాక్ చేసి, మారాల్సినవాటినే వదిలి నడిపిస్తాను. స్టాఫ్ రూంలో గొడవలు తగ్గడానికి ఈ లాక్ చేసిన మేలు ఇంకేదీ చేయలేదు.

లోటు లేకపోలేదు. ఇవాళ ఎవరో సెలవు పెడితే ఆ క్లాసుకు ఎవరిని పంపాలన్నది దీని పని కాదు. ఆ సర్దుబాటు ఇప్పటికీ రిజిస్టర్‌లో చేత్తోనే. స్క్రీన్ నిండా మెనూలు ఉంటాయి, కొత్తవాళ్లు బెదురుతారు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక సెమిస్టర్ చేయించాల్సిందే.

పిల్లలు కోర్సులను ఎవరికి వారు ఎంచుకునే పెద్ద యూనివర్సిటీలకు ఇది సరిపోతుందని నేను చెప్పను. అక్కడ పిల్లవాడు ఎంచుకున్న కోర్సులను బట్టి టైంటేబుల్ నడవాలి. అలాంటి చోటికి అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో రూపుదిద్దుకున్న యూనిటైమ్ అనే టైంటేబుల్ సాఫ్ట్‌వేర్ ఉంది. అదీ ఓపెన్ సోర్సే, కానీ సర్వర్ పెట్టి చూసుకునే మనిషి కావాలి. మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల కింద ఉన్న మనలాంటి కాలేజీలకు అంత అవసరం లేదు.

డబ్బు పెట్టి కొనేవాళ్లు మాత్రం కంపెనీవాళ్ల నమూనా డేటాతో డెమో చూడొద్దు. మీ పోయిన సెమిస్టర్ లాంగ్వేజ్ క్లాసులు, ల్యాబ్ బ్యాచ్‌లు, గెస్ట్ లెక్చరర్ల రోజులు ఇచ్చి మీ ముందే చేయించండి. అయ్యాక ఒక లెక్చరర్‌ను తీసేసి, మిగతావి కదలకుండా మళ్లీ సర్దమనండి. డేటా మొత్తం ఫైల్ రూపంలో మీ చేతికి వస్తుందా అని కూడా అడగండి. ఇవి అయ్యేదాకా కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టొద్దని ప్రిన్సిపాల్‌కు చెప్పండి.