విల్లా, క్రాస్‌బోనా? రెండూ ఏళ్ల తరబడి వాడాక

2021 ఫిబ్రవరి మంచు తుపాను తరువాత టెక్సాస్‌లోని తెలుగువాళ్ల గరాజుల్లోకి జనరేటర్లు, నీళ్ల డబ్బాలు, గ్యాసు పొయ్యిలు వచ్చి చేరాయి. కొందరి ఇళ్లకు విల్లంబులు కూడా వచ్చాయి. మా ఇంటికి రెండు రకాలూ వచ్చాయి: 62 అంగుళాల శామిక్ సేజ్ రికర్వ్ విల్లు (చివరలు ముందుకు వంగి ఉండే రకం) ఒకటి, 175 పౌండ్ల కాంపౌండ్ క్రాస్‌బో (తుపాకీలా పట్టుకునే, చక్రాలున్న అడ్డవిల్లు) ఒకటి. పౌండ్లంటే ఇక్కడ నారి లాగడానికి కావలసిన బలం. రెంటితోనూ వేటకు వెళ్లాను, రెంటినీ విప్పి బిగించాను, రెంటి మీదా విసుక్కున్నాను. ఆపత్కాలానికి ఏది కొనాలని అడిగేవారికి నా జవాబు ముందే చెప్పేస్తాను. సాధన చేసే ఓపిక ఉంటే విల్లు కొనండి. ఓపిక లేకపోతే క్రాస్‌బో కూడా వద్దు, ఆ డబ్బుతో బియ్యం, పప్పు, నీళ్లు నిల్వ చేసుకోండి.

ఈ మాట నిష్ఠూరంగా ఉంటుందని తెలుసు. కానీ ఆ తుపానులో ఏం జరిగిందో చూడండి. 45 లక్షల పైచిలుకు ఇళ్లకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలో 246 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని బలిగొన్నది చలి. ఇంట్లో వేడి కోసం కారో బొగ్గుల పొయ్యో వెలిగించి విషవాయువుకు బలైనవారూ ఉన్నారు. విల్లు తీర్చగలిగిన కష్టం అందులో ఒక్కటీ లేదు. కాబట్టి జాబితాలో విల్లు స్థానం దుప్పట్లు, నీళ్లు, మందులు, బ్యాటరీల తరువాతే.

ఇక క్రాస్‌బో సంగతి. ముందు దాన్ని పొగడాలి, ఆ అర్హత దానికి ఉంది. భుజానికి ఆనించి, స్కోపులో చూసి, ట్రిగ్గర్ నొక్కడమే పని. అంతకుముందు విల్లు ముఖం చూడని మా బావమరిది మధ్యాహ్నం భోజనాలయ్యాక పట్టుకున్నాడు. చీకటి పడేలోపు 30 గజాల నుంచి సాసరంత చోటులో బాణాలు దించేస్తున్నాడు. అదే మనిషికి రికర్వ్ చేతికిస్తే తరువాతి గంటంతా గడ్డిలో బాణాలు వెతకడంతోనే సరిపోయింది.

బలంలోనూ పోటీ లేదు. నా 45 పౌండ్ల విల్లు నుంచి 450 గ్రెయిన్ల (దాదాపు 29 గ్రాముల) బాణం సెకనుకు సుమారు 160 అడుగుల వేగంతో వెళ్తుంది. క్రాస్‌బో 400 గ్రెయిన్ల బాణాన్ని 350 అడుగుల వేగంతో విసురుతుంది. లెక్క వేస్తే నాలుగింతల శక్తి. అలాగని నాలుగింతల దూరం వేటాడవచ్చని కాదు. నారి చప్పుడు సెకనుకు 1100 అడుగుల చొప్పున పోతుంది, అంటే ఏ బాణం కంటేనైనా ముందే జింక చెవిన పడుతుంది. 40 గజాల దూరానికి క్రాస్‌బో బాణం చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. ఆ వ్యవధిలో తెల్లతోక జింక ఒళ్లు కిందికి వాల్చి దూకడానికి సిద్ధమైపోతుంది. రికర్వ్ బాణం 20 గజాలు పోవడానికి పట్టే సమయమూ దాదాపు అంతే. అందుకని నా వరకు విల్లుతో 20 గజాలు, క్రాస్‌బోతో 40 గజాలు హద్దు. క్రాస్‌బో చప్పుడు కూడా ఎక్కువే. డబ్బా మీద వివరాల్లో వంద గజాలు అని చూసి మురిసిపోయేవారు కదలని గడ్డిబొమ్మ మీద మురిసిపోవచ్చు.

ఎక్కుపెట్టడం దగ్గర అసలు కథ మొదలవుతుంది. 175 పౌండ్లంటే దాదాపు 80 కిలోలు. ముందున్న ఇనుప చట్రంలో కాలు పెట్టి, కొక్కేల తాడు తగిలించి, నడుం వంచి రెండు చేతులా సమానంగా లాగాలి. తాడు వల్ల బరువు సగానికి తగ్గుతుంది, అయినా 40 కిలోలు. ఒక చెయ్యి కాస్త ముందు లాగిందా, బాణం పక్కకు పోతుంది. మా ఆవిడ గురి నా గురి కంటే మెరుగు, కానీ ఎక్కుపెట్టడం ఆమెకు కుదరదు. తిప్పుడు పిడి ఉన్న రకాలు దొరుకుతాయి; బరువు తగ్గుతుంది, సమయం పెరుగుతుంది, చెడిపోయే భాగం ఇంకొకటి వచ్చి చేరుతుంది. ఎక్కుపెట్టాక బొటనవేలు, బాణం జారిపోయే పట్టాకు పైన ఉండకూడదు. ఉంటే నారి దాన్ని కోసుకుపోతుంది. ద్రోణుడు అడగకుండానే ఏకలవ్యుడు కావలసి వస్తుంది.

చాలా క్రాస్‌బోల్లో ఒకసారి ఎక్కుపెట్టిన నారిని చేత్తో దించే వీలుండదు. జింక కనపడని సాయంత్రం కూడా ఒక పాత బాణాన్ని నేలలోకో గడ్డిమోపులోకో వదిలి నారి దించాలి. విల్లయితే వేళ్లతో మెల్లగా వెనక్కి వదిలి ఇంటికి వచ్చేయడమే. బాణం లేకుండా వదిలితే రెంటికీ ప్రమాదమే, కానీ క్రాస్‌బోకు అది ప్రాణాంతకం. రెండు పక్కలా వంగే రెక్కలు చీలిపోతాయి, నారి తెగి ముఖానికి తగలవచ్చు. మరీ తేలికైన బాణం వేసినా ఇంచుమించు అదే ఫలితం. అందువల్ల అడవిలో వెదురు కోసి క్రాస్‌బోకు బాణం చేసుకుంటాననే మాట కాగితం మీద తప్ప పనికిరాదు.

నేను విల్లు వైపు మొగ్గడానికి పెద్ద కారణం నారి. క్రాస్‌బో నారి రెక్కల చివర ఉన్న చక్రాల మీదుగా పోతుంది, దానికి తోడు రెండు కేబుళ్లు. నారి నడుమ, ట్రిగ్గర్ కొక్కెం పట్టుకునే చోట, బిగించి చుట్టిన దారం ఉంటుంది. పట్టా మీద రాసుకుని రాసుకుని ముందు అరిగేది అదే. మైనం పూస్తూ, పట్టాకు కందెన రాస్తూ వచ్చినా ఒక వేసవి చివర ఆ దారంలో ఒక పోగు లేచింది. గోటితో తాకితే చిన్న పురి విప్పుకుంది. రెండు రోజుల్లో అది చిటికెన వేలి వెడల్పు మేర జారి, కింద తెల్లటి పోగులు కనిపించాయి. కేబుళ్లు, నారి మార్చాలంటే రెక్కలను నొక్కిపట్టే ప్రెస్ కావాలి. అది దుకాణాల్లో ఉంటుంది. సెప్టెంబరులో, వేట ముంగిట, దుకాణాల వాళ్ల దగ్గర ఎంత వరుస ఉంటుందో చెప్పనక్కర్లేదు. నాది చేతికి వచ్చేసరికి బాణాల వేట కాలం సగం అయిపోయింది. దుకాణం తెరిచి ఉన్న రోజుల్లోనే పరిస్థితి ఇది. దుకాణమే లేని రోజుల కోసం కదా మనం కొనేది!

రికర్వ్ నారి నేనే చేసుకుంటాను. డాక్రాన్ దారం 14 పోగులు, చెక్క మీద నాలుగు మేకులు, కాస్త తేనెమైనం. 62 అంగుళాల విల్లుకు సుమారు 58 అంగుళాల నారి. పురి ఎక్కిస్తే పొట్టిదవుతుంది, విప్పితే పొడుగవుతుంది. పిడి నుంచి నారి దాకా ఏడున్నర, ఎనిమిది అంగుళాల మధ్య ఎడం వచ్చేదాకా అలా సర్దుకోవాలి. ఎడం సరిగ్గా కుదిరితే వదిలినప్పుడు నారి మోత తగ్గి, ఒక్క మెత్తటి దెబ్బ వినిపిస్తుంది. ఆ శబ్దం చెవికి అలవాటైతే కొలబద్ద అక్కర్లేదు. రెండు మూడు అదనపు నారులు చొక్కా జేబులో పడతాయి.

విల్లును మూడు ముక్కలుగా విప్పి సంచిలో పెట్టుకోవచ్చు. రెక్కలు మాత్రమే మార్చి బలం మార్చుకోవచ్చు. పిల్లలకు 25 పౌండ్ల రెక్కలు, నాకు 45వి, పిడి ఒకటే. మొండి మొన తొడిగితే కుందేలు, దారం చుట్టిన చక్రం బిగిస్తే చేప. చేపకు కూడా బలమైన విల్లు అవసరం లేదు. మండువేసవిలో కారు డిక్కీలో మాత్రం రెంటినీ పెట్టకండి. టెక్సాస్ ఎండకు రెక్కల పొరల మధ్య జిగురు వదులవుతుంది.

కార్బన్ బాణాలు ఎవరివైనా సరే, ఒక పని తప్పదు. ప్రతిసారీ చెవి దగ్గర పెట్టుకుని, చేతుల మధ్య కొంచెం వంచుతూ గుండ్రంగా తిప్పాలి. చిటపట వినిపిస్తే ఆ బాణాన్ని విరిచి పారేయాలి. పగిలిన కార్బన్ వదిలే క్షణంలో చీలి, చేతిలో దిగుతుంది.

విల్లులో నాకు నచ్చనిది ఒకటే, కానీ అది చిన్నది కాదు. అది మనిషిని తీరికగా ఉండనివ్వదు. రెండు నెలలు ముట్టకపోతే 45 పౌండ్లు 60లా అనిపిస్తాయి, వదిలే వేళ్లు తడబడతాయి, 15 గజాల దగ్గర కూడా గురి నమ్మకం కాదు. భుజం నొప్పి ఉన్నవారికి ఇది సాగదు. వారికి క్రాస్‌బో నిజంగా ఉపకారమే. అడవి పంది భుజం మీద గట్టి డాలులాంటి చర్మం ఉంటుంది, దానికి విల్లుతో ఎదురుగా వేయకూడదు, పక్క నుంచి దగ్గరగా వేయాలి. ఆ మాటకొస్తే పంది వేటకు నేను ఇప్పటికీ క్రాస్‌బోనే తీసుకుపోతాను.

చక్రాలు, కేబుళ్లు ఉన్న కాంపౌండ్ విల్లు సంగతి అడుగుతారు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది దానితోనే, కనుక గురిలో వంక పెట్టలేం. కానీ నారి మార్చాలంటే దానికీ ప్రెస్ కావాలి. అంతటితో నా లెక్కలో అది క్రాస్‌బో పక్కన చేరిపోయింది.

ఇంకో సంగతి, కష్టం వస్తే అడవిలోకి పోయి వేటాడుకుంటాం అనేవారి కోసం. టెక్సాస్ భూమిలో తొంభై శాతానికి పైగా ప్రైవేటుది. యజమాని అనుమతి లేనిదే కాలు పెట్టరాదు. 1971 సెప్టెంబరు 2న గానీ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ పూర్తి చేయాలి. ప్రైవేటు భూమిలో అడవి పందికి మాత్రం 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు, యజమాని ఒప్పుకుంటే చాలు. జింక దొరికిందే అనుకోండి, అక్టోబరు ఎండలో ఫ్రిజ్ లేకుండా ఆ మాంసాన్ని ఎలా ఆపుతారు? మా అమ్మమ్మ చేసినట్టు ఉప్పు, పసుపు పట్టించి ఒరుగులు పెట్టడం వచ్చినవారికి ఆ వేట పనికొస్తుంది. రానివారు బాణాల కంటే ముందు అది నేర్చుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉండి ఇది చదువుతున్నవారికి లెక్క వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధాల నిర్వచనంలో విల్లంబులు కూడా ఉన్నాయి, అడవి జంతువుల వేట నిషిద్ధం. అక్కడ విల్లు పట్టాలనుకుంటే విలువిద్య అకాడమీకి వెళ్లి ఆటగానే నేర్చుకోండి.

రికర్వ్ కొనదలచినవారు 25 లేదా 30 పౌండ్ల రెక్కలతో మొదలుపెట్టండి. అంగట్లో 50 పౌండ్లవి చేతికి ఇచ్చి ఇదే మగటిమి అంటారు, పట్టించుకోకండి. పిడి, రెక్కలు, అరడజను బాణాలు, వేళ్లకు తోలు తొడుగు, ముంజేతి కవచం, నారి ఎక్కించే తాడు, అన్నీ కలిపి 250 డాలర్ల లోపు వస్తాయి. అందులో నారి ఎక్కించే తాడును మానేసి విల్లును కాళ్ల మధ్య వంచి నారి ఎక్కించకండి, రెక్క మెలి తిరుగుతుంది.